లెక్క నేతగాని కంటి ముందుండవలెను

(కొంతం చౌక్‌లో జరిగిన సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన కార్ఖానాలలో ఇప్పుడొక క్రొత్త మాట వినవచ్చుచున్నది. మగ్గమునకు చిన్న పరికరము నొకదానిని బిగించినచో, అది ఎన్ని పిక్కులు నేసినదియు, ఎంతసేపు ఆగినదియు యజమాని చేతిలోని ఫోనులో కనబడునట. దీనిని కొందరు వరమనుచున్నారు. కొందరు మెడకు ఉరియనుచున్నారు. మన పేటలలో కార్ఖానా గలవారును, వారి మగ్గముల మీద నేయువారును ప్రక్కప్రక్కనే కాపురముండువారు. నారళీ పున్నమి నాడు ఒకే మార్కండేయుని రథము వెంట నడచువారు. కావున ఈ సంగతి వీధి తగవుగా మారకమునుపే సభలో విచారించుట మేలని తలచి ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

కొలత మనకు క్రొత్త గాదు. మన తాతలు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు సీమల నుండి మూటాముల్లె కట్టుకొని ఈ ఊరు చేరిరి. 1877లో పని మొదలిడిన జూనీ మిల్లు భోంగాయే చాలకాలము వారికి గడియారమైనది. 1963లో ఆ మిల్లు మూతబడినది. చిన్న కార్ఖానాలలో పని ముక్కల లెక్కకు మారినది. ఇంటనున్న మన ఆడుపడుచులు బీడీలను వేయి చొప్పున లెక్కించి యిచ్చి, పాస్‌బుక్కులో వ్రాయించుకొని వచ్చుచుండిరి. ఆ చిన్న పుస్తకము ఇంటి గూటిలో భద్రముగా నుండెడిది. రేపు మాట తేడా వచ్చినచో అదియే సాక్ష్యము. చదువు రాని అవ్వకు సైతము దాని విలువ తెలియును. లెక్క పెట్టుటలో దోషము లేదు. లెక్క ఒకరి యొద్దనే యుండుటలో దోషము గలదు. ఈనాటి మా ప్రసంగమునకు ఇదియే మూలసూత్రము.

ఈ డిజిటల్ విద్య ఎక్కడనో పుట్టి మన మీదికి వచ్చినదని భయపడువారికి ఒక చరిత్ర చెప్పవలసి యున్నది. 1804లో ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమువాడైన జోసెఫ్ మరీ జకార్డు తన మగ్గమును లోకమునకు చూపెను. షోలాపూరు దుప్పటిపై పువ్వును నిలుపుచున్న జకార్డు అదియే. అట్టలో రంధ్రమున్న చోట కొక్కెము పడుగుపోగును లేపును. లేని చోట లేపదు. ఔను, కాదు అను రెండు మాటలతోనే పువ్వు, నెమలి, అక్షరము అన్నియు బట్టమీదికి వచ్చును. ఇంగ్లండునందు చార్లెస్ బాబేజ్ 1830ల దశకమున తాను తలపెట్టిన గణనయంత్రమునకు ఈ అట్టలనే గైకొన నిశ్చయించెను. 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హోలరిత్ రంధ్రముల అట్టలతోనే కూడించెను. నేటి కంప్యూటరు ఒకటి, సున్న అను రెండు గుర్తులతో నడచుచున్నది. కనుక కంప్యూటరు మగ్గమునకు పరాయిది గాదు, దూరపు చుట్టము. పుట్టింటికి తిరిగి వచ్చిన ఆడపడుచు ఎట్టి నడవడితో వచ్చినదన్నదే మనము చూడవలసినది.

కనిపెట్టి యుండుటలో రెండు విధములు గలవు. పోగును కనిపెట్టుట ఒకటి. మనిషిని కనిపెట్టుట రెండవది. జపాను దేశమున సాకిచి టొయోడా 1924లో సిద్ధపరచిన స్వయంచాలక మగ్గము పోగు తెగిన వెంటనే తానుగా ఆగిపోయెడిది. చెడ్డ బట్ట నేయుటకంటె ఆగుట మేలని ఆ మగ్గమునకే నేర్పినారు. పనివాడు ప్రతి పోగును కన్నార్పక చూచుచు నిలుచుండవలసిన బాధ తప్పినది. ఒక్కడే పెక్కు మగ్గములు చూచుకొనగలిగెను. తరువాత ఆ వంశమువారు మోటారుకార్ల కార్ఖానా పెట్టినప్పుడు ఇదే సూత్రమును అక్కడను నిలిపిరి. తప్పు కనబడినచోట పనిని ఆపు అధికారము పనిచేయువానికే యిచ్చిరి.

ఇప్పుడు మన ఊరి మాటకు వత్తము. ఈ పరికరము చేయు పని చాల సులభము. మగ్గపు ఇరుసు ఒకసారి తిరిగినచో పేకపోగు ఒకసారి సాగును. ఇరుసు చెంత నుంచిన సెన్సర్ ఆ చుట్టులను లెక్కించును. చుట్టులు నిలిచినచో మగ్గము ఆగినదని వ్రాసికొనును. నిమిషమునకు 120 పిక్కులు వేయు మగ్గమొకటి యున్నదనుకొందము. 8 గంటలలో అది 57,600 పిక్కులు వేయవలెను. సాయంకాలము ఫోనులో 43,200 అని కనబడినది. నాలుగింట ఒక వంతు పని పోయినది! యజమానికి కోపము వచ్చుట సహజమే. కాని ఆగిన 2 గంటల కథ ఏమి? అందులో 50 నిమిషములు కరెంటు లేదు. 35 నిమిషములు బీము సమయమునకు రాలేదు. 20 నిమిషములు జాబరు కొరకు ఎదురుచూచినారు. తెగిన పోగులు అతుకుటకు పట్టినవి 15 నిమిషములు మాత్రమే. ఈ 15 నిమిషములలో సైతము కొంత నాసి నూలు చేసిన చేటే కావచ్చును.

వట్టి అంకెను చూచినవాడు నేతగానిని సోమరి యనును. కారణములను కూడ చూచినవాడు బీము ముందుగా తెప్పించుకొనును, జాబరును వేళకు పిలుచును, మంచి నూలు కొనును. రెండింటికిని పరికరమొక్కటే. భేదమంతయు అది ఏమి వ్రాయవలెనని మనము కోరితిమో, ఆ వ్రాతను ఎవరు చదువగలరో అను దానియందున్నది. కావున మగ్గము ఆగిన ప్రతిసారి కారణమును నమోదు చేయు మీట నేతగాని చేతికందు దూరమున నుండవలెను. నాటి లెక్క నాడే అతని ఫోనునకును చేరవలెను. పాస్‌బుక్కు ఇంటి గూటిలో నున్నట్లే ఇదియు నుండవలెను.

మన వారిలోనే ఇందుకొక దృష్టాంతము గలదు. ఆలేరు ప్రాంతమువాడైన చింతకింది మల్లేశము తన తల్లి ఆసు పోయుచు భుజము నొప్పితో బాధపడుట చూచుచు పెరిగెను. పోచంపల్లి తరహా చీర ఒక్కదానికి సుమారు 9,000 సార్లు చేయి ఆడింపవలెను. ఏండ్ల తరబడి ప్రయత్నించి 1999లో ఆయన ఆసు యంత్రమును తయారుచేసి, దానికి తల్లి పేరిట లక్ష్మి అని పేరిడెను. 2017లో భారత ప్రభుత్వము పద్మశ్రీతో గౌరవించెను. ఆయనయు కనిపెట్టి చూచినవాడే. అయితే ఎన్ని చీరలు తగ్గినవని చూడలేదు. తల్లి భుజము ఎన్నిసార్లు లేచినదని చూచెను. ఆ చూపునుండియే యంత్రము పుట్టినది.

ఇక దుఃఖముతో చెప్పవలసిన మాట యొకటి. 2025 మే నెలలో మన ఊరి అక్కల్‌కోట్ రోడ్డు పారిశ్రామికవాడలో ఒక తువ్వాళ్ల కార్ఖానాకు నిప్పంటుకొని ఎనిమిదిమంది మరణించిరి. యజమాని కుటుంబమువారును, పనివారి కుటుంబమువారును కలిసియే పోయిరి. ఇందులో ఎవరిని తప్పుపట్టుట మా ఉద్దేశము గాదు. దూది, నూలు, నూనె, కరెంటు ఒక్కచోట నున్న ప్రతి ఇల్లును, ప్రతి కార్ఖానాయు ఆ రాత్రిని గుర్తుంచుకొనవలెను. తలుపు వద్ద కెమెరా పెట్టుటకు మునుపు, కప్పు క్రింద పొగను పసిగట్టి మ్రోగు పరికరము పెట్టవలెను. వేడెక్కిన తీగను తెలుపు పరికరము పెట్టవలెను. ఈ కాపలా అందరికిని వలసినది. దీనియందు యజమాని, పనివాడు అను భేదము లేదు.

కెమెరాల మాట వచ్చినది గనుక మరియొక సంగతి. మనిషి ముఖము, వ్రేలిముద్ర, రాకపోకల వేళలు అతని స్వంత సమాచారమని గుర్తించుచు 2023లో మన దేశమున డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చేయబడినది. పది మగ్గముల కార్ఖానాలో చట్టపు పుస్తకము తెరచువారు అరుదు. ఐనను మర్యాద తెలిసినవారు చెప్పి పెట్టుదురు, చెప్పక పెట్టరు. ఏది చూచుచున్నారో, ఎన్నాళ్లు దాచుదురో ముందుగా చెప్పిన యింట అనుమానమునకు తావుండదు.

భాష సంగతియు మనము మరువరాదు. ఈ పరికరముల తెరమీద ఆంగ్లమే కనబడినచో వృద్ధ నేతగాడు తన లెక్కను తాను చదువుకొనలేడు. మనుమని నడుగవలెను, లేదా గుమాస్తాను నమ్మవలెను. మన పిల్లలు పెక్కురు మరాఠీలో చదివిరి. పెద్దలు తెలుగే చదువుదురు. ఫోనులలో తెలుగు లిపి చక్కగా కనబడుచున్న ఈ కాలమున, అమ్మవచ్చినవానిని తెలుగు, మరాఠీ రెండింటను చూపుమని అడుగుటకు మనకేల సంకోచము? పది కార్ఖానాలు కలిసి యడిగినచో వాడు కాదనడు. చదువలేని లెక్క ఎంత సరియైనదైనను పరుల లెక్కయే.

యజమానులగు సోదరులకు ఒక మాట. నేడు పెద్ద కొనుగోలుదారులు సరకు ఏనాడు ఏ నూలుతో నేసినదియు అడుగుచున్నారు. లెక్క లేనివానికి మంచి గిరాకి దక్కుట కష్టము కాగలదు. కావున పరికరమును వలదనము. పెట్టుడు, పనివారిని కూర్చుండబెట్టి చూపి పెట్టుడు. పని పెరిగి మిగులు వచ్చినచో అందు కూలికిని పాలు ఉంచుడు. పనివారగు సోదరులకు ఒక మాట. పరికరమును పగులగొట్టిన బ్రతుకు నిలువదు. దానిని చదువ నేర్చుకొనుడు. మీ కుమారులనే గాక కుమార్తెలను సైతము ఐ.టి.ఐ. లకు పంపుడు. రేపు ఈ సెన్సర్లను బిగించువారు, బాగుచేయువారు మన పేటలనుండియే రావలెను.

మగ్గము ముందు కూర్చున్నవానికి పడుగు ఎంత, పేక ఎంత అన్నది తెలియక నేత సాగదు. తన పని లెక్క తనకు తెలియక బ్రతుకును సాగదు. ఆ లెక్కను పదిమంది ఎదుట పరచుకొను కార్ఖానా మన పేటలలో మొదట ఎవరిదగునో చూడ మేము వేచియున్నాము.