చీటీలో వచ్చిన పక్షం

(గజపతినగరంలో జరిగిన ముస్లిం విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలను చర్చా పోటీలకు పంపే విషయమై నాలుగు మాటలు చెప్పవలసిందిగా మమ్మల్ని కోరారు. మేము వక్తలము కాము. ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా దస్త్రాల మధ్య గడిపినవారము. అయితే కిందటి ఏడాది ఉత్తరాంధ్ర విద్యార్థులకు విజయనగరంలో చర్చా పోటీ పెట్టినప్పుడు మన ఊరి అమ్మాయికి తోడుగా వెళ్ళినవారిలో మేమూ ఉన్నాము. అక్కడ చూసినదే మీకు విన్నవించుకుంటాము.

"మతం ప్రాతిపదికగా రిజర్వేషన్లు ఉండాలి" అన్నది అంశం. ఎవరు ఏ పక్షం మాట్లాడాలో వారం ముందు చీటీలు తీసి తెలియజేశారు. మన అమ్మాయికి వచ్చినది వ్యతిరేక పక్షం. ఆ సాయంత్రమే వారింట్లో పెద్దలు కూడారు. మన హక్కును మన బిడ్డ నోటితోనే కాదనిపించుకోవడమా, పేరు వెనక్కి తీసుకోవలసిందే అన్నారు. దాచుకోవడమెందుకు, మేమూ అదే అన్నాము. తండ్రి ఎటూ చెప్పలేకపోయాడు. అప్పుడు తల్లి, కుట్టు మిషను ముందు నుంచి లేవకుండానే, "చీటీ తీసేటప్పుడు ఒప్పుకొని, వచ్చిన చీటీ నచ్చలేదని మానుకుంటే వాళ్ళేమనుకుంటారు భాయ్‌సాబ్?" అన్నది. మా వద్ద సమాధానం లేదు. పేరు అలాగే ఉండిపోయింది.

ఇక చదవడం మొదలయింది. ఆ వారం రోజులలో ఆ అమ్మాయి వెతికి తెచ్చిన సంగతులు మాకే కొత్త. 1949 మే నెలలో, శాసనసభలలో మైనారిటీలకు ప్రత్యేక స్థానాలు ఉండాలా వద్దా అని రాజ్యాంగ సభలో చర్చ జరిగినప్పుడు మద్రాసు నుంచి వచ్చిన మహమ్మద్ ఇస్మాయిల్ సాహెబ్ ఉండాలనీ, అందుకు ప్రత్యేక నియోజక వర్గాలే కావాలనీ పట్టుబట్టారు. అదే సభలో బేగం ఐజాజ్ రసూల్ అవి వద్దని వాదించారు. రాజ్యాంగ సభలో ఉన్న ఏకైక ముస్లిం మహిళ ఆమె. ఇద్దరూ మనవారే, ఇద్దరూ మన మేలు కోరే మాట్లాడారు. వ్యతిరేక పక్షం మాట్లాడితే బిడ్డ చెడిపోతుందని భయపడిన మేము ఈ సంగతి విని కొంత సిగ్గుపడ్డాము. అయితే ఆ చర్చ చట్టసభల స్థానాల గురించినదని, చదువులు ఉద్యోగాల గురించినది కాదని, రెంటినీ కలిపి చెబితే ఎదుటివారు పట్టుకుంటారని కూడా ఆ అమ్మాయే మాకు చెప్పింది.

పోటీలో ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు, ఆపైన ఖండనకు ఒక నిమిషం. మూడో నిమిషానికి ఒక గంట, నాలుగో నిమిషానికి రెండు గంటలు. అనుకూల పక్షం తీసుకున్నది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక హిందూ విద్యార్థి. 2006 నాటి సచార్ సంఘం నివేదికను, 2001 జనగణనలో దేశ సగటు అక్షరాస్యత 64.8 శాతం ఉంటే ముస్లింలది 59.1 శాతమే ఉండడాన్ని ఎత్తి చూపుతూ అతడు మాట్లాడుతుంటే, మన వేదికల మీద మనవారెవరూ ఇంత బాగా చెప్పలేదే అనిపించింది. మన అమ్మాయి లేచి, మన రాష్ట్రంలో ముస్లింలకు ఉన్న 4 శాతం మతాన్ని బట్టి ఇచ్చినది కాదు, సామాజిక, విద్యా వెనుకబాటును బట్టి ఇచ్చినది, కాబట్టి మతం ప్రాతిపదిక అక్కరలేదు అని వాదించింది. ఖండనలో ఆ అబ్బాయి ఒక్కటే అడిగాడు: "2007 చట్టం పేరులోనే ముస్లింలు అని ఉన్నది కదా, అది మతం కాదా?" ఆమె తడబడింది. గంట మోగింది.

బహుమతి రాలేదు. సాలూరు బస్సులో తిరిగి వస్తూ, "చాచా, మీరు ఆఫీసులో బీసీ-ఇ సర్టిఫికెట్లు ఎన్నో రాశారు కదా, ఆ ప్రశ్నకు జవాబేమిటి?" అని అడిగింది. మా చేతుల మీదుగా వెళ్ళిన ఆ కాగితాలకు లెక్క లేదు. ఏ ఉత్తర్వు ప్రకారం ఇస్తామో తెలుసు. ఎందుకు ఇస్తామో ఎవరూ అడగలేదు, మేమూ చదవలేదు. గజపతినగరం వచ్చేవరకు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాము.

తరువాత చదివాము. 2004లో ఉత్తర్వు ద్వారా, 2005లో చట్టం ద్వారా ఇచ్చిన 5 శాతం రెండూ హైకోర్టులో నిలబడలేదు. పిమ్మట 2007 చట్టం ముస్లింలలో వెనుకబడిన వర్గాలను పేరు పేరునా ఎంచింది. అత్తరు అమ్ముకునేవారు, దూబీలు, ఫకీర్లు, హజాములు, ఖురేషీలు మొదలైనవారు అందులో ఉన్నారు. సయ్యదులు, పఠానులు, మొఘలులు మాత్రం లేరు. అంటే నమాజు ఒకటే అయినా కాగితం అందరికీ ఒకటి కాదు. మతాన్ని బట్టి ఇచ్చినదైతే సయ్యదును ఎందుకు వదిలిపెడతారు? ఆ ఒక్క నిమిషంలో చెప్పవలసిన జవాబు ఇది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్నీ కొట్టివేసింది. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో 14 వర్గాలకు దానిని కొనసాగనిచ్చి, వ్యవహారాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. మన పిల్లల సీట్లు, ఉద్యోగాలు అప్పటి నుంచి ఒక మధ్యంతర ఉత్తర్వు మీద నడుస్తూ వచ్చాయి. మన ఇళ్ళలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

మన ఉమ్మడి విజయనగరం జిల్లాలో మనము నూటికి ఒకరము కూడా లేము. తరగతిలో తరచు మన బిడ్డ ఒక్కతే ఉంటుంది. ఆ అబ్బాయి స్నేహంగా అడిగిన ప్రశ్నే రేపు అడ్మిషన్ల దగ్గరో, ఉద్యోగం చేసే చోటో వేరే గొంతుతో వినిపిస్తుంది. అప్పుడు పెద్దలు పక్కన ఉండరు, పేరు వెనక్కి తీసుకోవడం కుదరదు.

ఓడిపోయి వచ్చిందని కొందరు ఆ తల్లిని దెప్పారట. విజయనగరంలో ఉండిన గురజాడ అప్పారావు గారు 1914లో వాడుక తెలుగు పక్షాన మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాశారు. ఆనాడు ఆయన పక్షం నెగ్గలేదు. ఇప్పుడు తెలుగు పత్రికలు ఏ తెలుగులో వస్తున్నాయో మీరే చూస్తున్నారు.

ఇక చేయవలసిన పనులు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు మాట్లాడే పిల్లలు వేదిక మీద మాట కోసం తడుముకుంటారు. దానికి అలవాటు తప్ప మందు లేదు. ఆడపిల్లలను పంపేటప్పుడు ఇద్దరు తల్లులు తోడు వెళితే ఇంట్లోవారికి దిగులు ఉండదు. బస్సు ఖర్చు మేము కొందరము కలిసి భరిస్తాము. పోటీ శుక్రవారం పడితే జుమా వేళకు మన పిల్లల వంతు రాకుండా చూడమని ముందుగానే ఉత్తరం రాస్తాము. ఉత్తరాలు రాయడం మాకు చేతనైన పని.

వచ్చే ఆదివారం జొహర్ నమాజు తరువాత ఇక్కడే సాధన మొదలుపెడదాము. చీటీలు మేమే రాసి తెస్తాము. ఏది వస్తే అది మాట్లాడవలసిందే, పెద్దలు కూడా. ఆ అమ్మాయికి ఈసారి పరీక్షలున్నందున పోటీకి రాలేనన్నది. గంట కొట్టడానికి మాత్రం ఒప్పుకున్నది.