వాకిట్లో మంచు పడితే
(ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుంచి పాటలు, పద్యాలు, నాట్యాలతో ఆనందించారు. ఇప్పుడు నేను వచ్చి మంచు ఎత్తిపోసే కరెంటు యంత్రం గురించి మాట్లాడతానంటే, "ఇదేం విషయమండీ?" అని కొందరికి అనిపించవచ్చు. కాని సంస్కృతి అంటే వేదిక మీద కనిపించేది మాత్రమే కాదు గదా! తెల్లవారుతూనే లేచి వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టడం కూడా మన సంస్కృతే. ఆ వాకిట్లో ముగ్గుకు బదులు జానెడు మంచు పరుచుకుని ఉంటే ఏం చెయ్యాలన్నదే నేను మనవి చేయబోయే విషయం.

మనలో ఎందరి పూర్వులో మద్రాసు రేవులో ఓడ ఎక్కి ఫిజీ చేరినవారు. మద్రాసు నుంచి మొదటి ఓడ 1903లో అక్కడికి వెళ్ళింది. చెరకు తోటల్లో ఒళ్ళు వంచిన ఆ తాతలకు ఎండ తెలుసు, తుఫాను తెలుసు. మంచు మాత్రం తెలియదు. 1987 తరువాత ఎన్నో కుటుంబాలు న్యూజిలాండుకు తరలివచ్చాయి. ఆక్లండులో ఉన్నవారికి ఇప్పటికీ మంచుతో పని లేదు. 2011 ఆగస్టు 15న ఆ ఊళ్ళో నాలుగు మంచు రేకులు రాలితే, 1939 తరువాత మళ్ళీ అప్పుడే అని అందరూ వింతగా చెప్పుకున్నారు. దక్షిణ ద్వీపంలో క్రైస్ట్‌చర్చ్, డునెడిన్, ఇన్వర్‌కార్గిల్, క్వీన్స్‌టౌన్ ప్రాంతాల్లో ఉన్నవారి సంగతి వేరు. ఇండియాలో ఆషాఢ శ్రావణాల వానలు కురిసే రోజుల్లో వారి వాకిళ్ళలో మంచు కురుస్తుంది.

మంచు దూదిలా కనిపిస్తుంది గాని దాని బరువు తక్కువ కాదు. ఇంటి ముందు దారి 15 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్నదనుకోండి. దాని మీద 15 సెంటీమీటర్ల మంచు పడితే 6.75 ఘనపు మీటర్లు. తడిమంచు ఘనపు మీటరుకు 200 కిలోల వరకు సులభంగా తూగుతుంది. అంటే మొత్తం 1350 కిలోలు. నూరు కిలోల బియ్యం బస్తాలు పదమూడున్నర! 2010 సెప్టెంబరు 18న ఇన్వర్‌కార్గిల్‌లో సౌత్‌లాండ్ స్టేడియం పైకప్పు మంచు బరువుకే కూలిపోయింది.

ఆ బస్తాలు మొయ్యడానికి పొద్దున్నే పార పట్టుకుని బయలుదేరేది ఎవరు? చాలా ఇళ్ళలో తాతగారే. పిల్లలు పడుకున్నారు, కోడలు డ్యూటీకి వెళ్ళాలి, ఈ లోపల నేను కాస్త దారి చేస్తానంటారు. ఆయన మనసు బంగారం. కాని చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపు పోటు పెరుగుతుంది, దాని మీద బరువు ఎత్తే శ్రమ. గుండె జబ్బు ఉన్నవారికి ఇది ప్రాణాంతకం కావచ్చు. ఛాతీలో నొప్పి, ఆయాసం, చల్లని చెమట కనిపిస్తే పార అక్కడే వదిలి 111కు ఫోను చెయ్యాలి. "కాస్సేపు పడుకుంటే తగ్గుతుందిలే" అనే మాటకు ఇక్కడ చోటు లేదు.

ఇక యంత్రం సంగతి. మంచు విసిరే పెద్ద యంత్రాన్ని 1920లలో కెనడాలోని క్వెబెక్‌కు చెందిన ఆర్థర్ సికార్డ్ తయారు చేశాడు. ఇళ్ళ కోసం వచ్చిన చిన్న కరెంటు యంత్రంలో ముందు భాగాన తిరిగే రెక్కలు మంచును తోడి, గొట్టం గుండా పక్కకు విసురుతాయి. పెట్రోలు వాసన లేదు, మోత తక్కువ. తేలికగా పడిన పొడిమంచుకు చక్కగా పని చేస్తుంది. చిత్తడి మంచు గొట్టంలో చిక్కుకుపోతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న మన ఊళ్ళలో పడేది ఎక్కువగా ఆ చిత్తడి మంచే.

అమెరికా, కెనడాలలోని బంధువులు "మా ఇంట్లో పాతది ఉంది, పంపిస్తాం" అంటే దయచేసి వద్దనండి. వారి కరెంటు 120 వోల్టులు, మనది 230. నేరుగా తగిలిస్తే మోటారు కాలిపోతుంది. ఇక్కడ మామూలు ప్లగ్గు మీద 10 ఆంపియర్లకు, అంటే 2300 వాట్లకు మించిన యంత్రం పెట్టకూడదు. ఆరుబయట వాడదగిన మందపు తీగ కావాలి, ఆర్.సి.డి. రక్షణ తప్పనిసరి. తీగ ఎప్పుడూ మన వెనక ఉండాలి. ఇంటి వైపు మొదలుపెట్టి వీధి వైపు పోవాలి. బ్యాటరీ యంత్రమైతే తీగ బాధ లేదు. కాని చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది కనుక దాన్ని ఇంట్లో వెచ్చగా ఉంచి, అక్కడే ఛార్జి చెయ్యాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి. గొట్టంలో మంచు ఇరుక్కుంటే చేతితో తియ్యకండి. ముందు ఆపండి. ప్లగ్గు గాని, బ్యాటరీ గాని తీసెయ్యండి. రెక్కలు పూర్తిగా నిలిచేదాకా ఆగి, కర్రతో పొడిచి తియ్యండి. ఆపిన తరువాత కూడా లోపల బిగిసి ఉన్న రెక్క ఒక్క తిప్పు తిరిగి వేళ్ళు తెంపగలదు. గులకరాళ్ళు పరచిన దారి మీద చిన్న యంత్రం వద్దే వద్దు; అది మంచుతో పాటు రాళ్ళనూ విసురుతుంది. పిల్లల్ని దూరంగా ఉంచండి. మన పెద్దలు కల్లంలో గాలివాటు చూసి ధాన్యం తూర్పారపట్టినట్లు, మంచును కూడా గాలి పోయే వైపే విసరాలి. పక్కింటి వారి దారి మీదికి మాత్రం కాదు!

ఇంతకూ కొనాలా, వద్దా? క్రైస్ట్‌చర్చ్‌లో, డునెడిన్‌లో పడిన మంచు సాధారణంగా రెండు మూడు రోజుల్లో కరిగిపోతుంది. వెడల్పాటి ప్లాస్టిక్ పార ఒకటి, ఇసుక సంచి ఒకటి చాలు. క్వీన్స్‌టౌన్, టెకపో వంటి ఎత్తు ప్రాంతాల్లో సిమెంటు దారి ఉన్నవారికి యంత్రం ఉపయోగపడవచ్చు. అయినా పారను పారెయ్యకండి. 2006 జూన్‌లో కాంటర్‌బరీ మంచు తుఫానులో కొన్ని పల్లె ఇళ్ళకు వారాల తరబడి కరెంటు లేదు. కరెంటు లేని రోజున కరెంటు యంత్రం అలంకారమే గదా!

యువతీ యువకులకు ఒక మనవి. 2011 భూకంపం తరువాత క్రైస్ట్‌చర్చ్ విద్యార్థులు పారలు పట్టుకుని వీధి వీధికీ వెళ్ళి, ఎవరి ఇల్లని అడగకుండా బురద ఎత్తిపోశారు. వారిని చూసి మనమూ నేర్చుకుందాం. మంచు పడిన రోజున అరగంట ముందు లేవండి. తాతగారి చేతిలో పార తీసుకుని, ఆయన చేతిలో వేడి కాఫీ గ్లాసు పెట్టండి. తరువాత పక్కింటి ముసలమ్మ గుమ్మం దాకా కూడా దారి చెయ్యండి. ఆవిడ ఏ దేశస్థురాలైనా సరే. ఇరుగు పొరుగు బాగుంటేనే మన ఇల్లు బాగుంటుందన్న పెద్దల మాట ఈ ద్వీపంలోనూ చెల్లుతుంది.