మనసు మాటలు – మూడు భాషలు

మాన్యులగు తల్లిదండ్రులారా,

పిల్లలకు ఇంగ్లీషు బాగుగా రావలెనన్న ఇంట తెలుగు మానవలయునా యని మీలో పలువురు మమ్ము అడుగుచున్నారు. మనసును గూర్చి ఇంగ్లీషువారు వాడు కొన్ని పలుకుబడులను తీసికొని దీనికి సమాధానము చెప్పెదము.

ఇంగ్లీషులో 'మైండ్' అను మాట యొక్కటియే గాని దాని పనులు పెక్కు. 'మేకప్ యువర్ మైండ్' అనిన నిశ్చయించుకొనుమని యర్థము. 'చేంజ్ యువర్ మైండ్' అనిన అభిప్రాయము మార్చుకొనుమని. 'బేర్ ఇన్ మైండ్' అనగా గుర్తుంచుకొనుట. 'ప్రెజెన్స్ ఆఫ్ మైండ్' మన సమయస్ఫూర్తి. 'ఆబ్సెంట్ మైండెడ్' అనిన పరధ్యానము గలవాడు. 'నెవర్ మైండ్' అనునపుడు మనసు ప్రసక్తియే లేదు. ఫరవాలేదని మాత్రమే భావము.

చెవికి ఒక్కటిగా వినబడు రెండు మాటలు చూడుడు. 'పీస్ ఆఫ్ మైండ్' అనగా మనశ్శాంతి. ఒకరికి తన మైండులో ఒక 'పీస్' ఇచ్చుట యన్నచో చీవాట్లు పెట్టుట! మొదటిది శాంతి, రెండవది ముక్క. ఇంగ్లీషున అక్షరములు వేరు. మాటకు మాట పెట్టి అర్థము చెప్పుకొను బాలుడు, చీవాట్లు తిన్నవానికి శాంతి దొరకినదని వ్రాయును.

ఇట్టిచోట ఒక్కొక్క మాటకు అర్థము వెదకిన లాభము లేదు. సందర్భము చూచి, దానికి సరిపడు మన పలుకుబడిని జ్ఞప్తికి తెచ్చుకొనవలయును. 'మనసు విరిగినది' అనిన ఏదియు ముక్కలు కాలేదని మన ఇంటి పిల్లకు ఎవరును నేర్పనక్కరలేదు. 'బుద్ధి గడ్డి తిన్నది' అనిన నవ్వును గాని గడ్డికై వెదకదు. ఆ యెరుకయే ఇంగ్లీషు పలుకుబడికిని త్రోవ చూపును.

తిరుప్పూరు పిల్లలకు ఇంట తెలుగు, వీథిలో తమిళము, పాఠమున ఇంగ్లీషు వినబడును. పాఠము చూడక అప్పగించునట్లు నేర్చుటను ఇంగ్లీషువారు 'బై హార్ట్' అని గుండెకును, తమిళులు 'మనప్పాడం' అని మనసుకును, మనము 'కంఠస్థము' అని గొంతుకును ముడిపెట్టితిమి. పని యొక్కటియే, చోటులు మూడు. వీనిని పోల్చి చూచిన పిల్లవానికి మాట వేరు, భావము వేరు అని సులభముగా తెలియును.

భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన సౌకర్యము కల్పించుటకు రాష్ట్రములు ప్రయత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. పాఠశాలలో ఆ పని మేము చేయుదుము. పలుకుబడి మాత్రము పుస్తకముకంటె ముందు అమ్మ, అవ్వ, తాతల నోట వినవలసినది. అది ఇంట మానినచో ఇంగ్లీషుతో పోల్చుకొనుటకు పిల్లలకు ఆధారమే యుండదు.

కనుక మా మనవి యిది. రాత్రి భోజనవేళ, ఆనాడు నేర్చిన ఇంగ్లీషు పలుకుబడి నొకదానిని, దాని భావమును పిల్లలచే చెప్పించుడు. దానిని మన ఇంట ఏమందురో మీరు చెప్పుడు. మీకు ఇంగ్లీషు రాకున్నను ఈ పాఠమునకు గురువులు మీరే.