బల్ల దగ్గరికి వెళ్లే ముందు



బిషప్ అజరయ్యగారి స్మరణలో మాట్లాడమని పిలిచారు, ధన్యుణ్ణి. 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందిన మహనీయుడాయన. తమిళదేశంలో పుట్టి, తెలుగు నేర్చుకుని, 1945 జనవరి 1న కన్నుమూసేదాకా దోర్నకల్ అధ్యక్ష ఖండంలోని పల్లె సంఘాలనే కనిపెట్టుకుని ఉన్నారు. గుడిలో చేసిన ఆరాధన వాడలో నడతగా కనబడాలన్నది ఆయన పట్టుదల. నా ఉపన్యాసమంతా ఆ ఒక్క సంగతి గురించే.

1836లో మిషనరీలు బౌడెన్, బీర్ దొరలు నరసాపురం వైపు రావడం, 1841లో నోబుల్, ఫాక్స్ బందరులో దిగడం, 1854లో ఏలూరు మిషను మొదలవడం మీకు తెలిసినవే. దొరల కథ అక్కడికి ఆపుతాను. నేను ఏళ్ల తరబడి వెతికింది మాలపల్లి కథ.

బెజవాడ ప్రాంతపు రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల పెద్ద ఉండేవాడు. విగ్రహాల మీద నమ్మకం పోయి, పేరు తెలియని దేవుణ్ణి ఏళ్లపాటు వేడుకున్నాడు. చివరికి బెజవాడలో డార్లింగ్ అనే మిషనరీ దొరను కలిశాడు. 1859లో బాప్తిస్మం పొందాడు, తన వాళ్లనూ తీసుకొచ్చాడు. ఆ తర్వాత ఊరూరా తిరిగి సువార్త చెప్పింది వెంకయ్యే.

పల్లెల్లో ఆరాధన ఎలా సాగేదో చూడండి. పగలంతా కూలి. దీపాలు పెట్టాక తాటాకు పాకలో కూడేవారు. పగలు పిల్లలకు బడి అయిన పాకే రాత్రికి గుడి. చదువు రానివాళ్లే ఎక్కువ. ఉపదేశి ఒక చరణం అందిస్తే జనం అందుకునేవారు. అలా పాట నోటికి వచ్చేది, దాంతోపాటే వాక్యమూ వచ్చేది. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు తెలుగు సంఘాలన్నిటికీ సొత్తయింది అలాగే. పగలు ఊళ్లో తల వంచుకుని నడిచినవాడు రాత్రి గొంతెత్తి పాడాడు. సంతోషమంటే నాకు అదే.

ఇక ఆ ఆరాధనలోని క్షమాపణ సంగతి. ప్రభురాత్రి భోజనానికి ముందు అందరూ కలిసి పాపాలు ఒప్పుకుంటారు. పగ పెట్టుకున్నవాడు సమాధానపడకుండా బల్ల దగ్గరికి రాకూడదని ప్రార్థన పుస్తకం ఆజ్ఞ. అప్పు దగ్గరో, పిల్లల పెళ్లి దగ్గరో మాటలు మానేసిన రెండిళ్లవాళ్లు ఆదివారం లోపు ఒకరి గడప ఒకరు తొక్కాల్సిందే. ఎందుకంటే బల్ల మీద అందరికీ గిన్నె ఒక్కటే. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషులు ఆ ఒక్క గిన్నెకే వరుసగా పెదవులు ఆనించారు.

ఇక్కడ కొందరు పండితులతో నాకు పేచీ ఉంది. మాలపల్లెల జనం కరువులో గంజి కోసం మతం మారారని వాళ్లు తేలిగ్గా రాసేస్తారు. అయ్యా, ధాతు కరువు 1876లో మొదలైంది. వెంకయ్య బాప్తిస్మం 1859లో. పదిహేడేళ్ల తర్వాత రాబోయే కరువుకు ముందే ఎవరైనా గంజి తాగుతారా? కరువు రోజుల్లో ఆకలితో వచ్చినవాళ్లు లేరని నేననను. ఆకలితో వచ్చినవాడి ప్రార్థన ప్రార్థన కాకుండా పోతుందా? 1933లో పికెట్ అనే మిషనరీ దొర దేశంలో చాలాచోట్ల వేలమందిని అడిగి ఒక పుస్తకం రాశాడు. మనిషి ఎందుకు వచ్చాడన్నదానికన్నా, వచ్చాక అతనికి బోధ, క్రమమైన ఆరాధన అందాయా లేదా అన్నదే అతని బతుకును మార్చిందని తేల్చాడు. మరికొందరు ఇదంతా ఆత్మగౌరవ పోరాటమే అంటారు. అందులో నిజముంది, కాని సగమే. గౌరవం కోసమే అయితే పక్కింటివాణ్ణి క్షమించే పనేముంది? మాల సంఘం, మాదిగ సంఘం వేరువేరుగా కూర్చున్న చోట్లు మనకూ ఉన్నాయి. అది దాచిపెట్టను. ఒక్క గిన్నె ఆ చోట్ల మన మీద సాక్ష్యం చెబుతూనే ఉంది.

దయ మాట కూడా చెప్పాలి. వంటకు బియ్యం కొలిచేటప్పుడు అమ్మలు పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఆ పిడికెళ్లే కానుకగా గుడికి చేరేవి. తమకే చాలని ఇంట్లోంచి తీసిన పిడికెడది.

సమయం మించిపోతోందని సభాధ్యక్షులు సైగ చేస్తున్నారు. 1938లో దేవదాసు అయ్యగారి బైబిల్ మిషను, 1947లో దక్షిణ ఇండియా సంఘం, 1977 ఉప్పెన, ఆ తర్వాత వీధివీధినా వెలిసిన ప్రార్థన మందిరాలు, వీటిలో ఒక్కొక్కటీ ఒక్కో ఉపన్యాసం. ముదినేపల్లి చుట్టుపక్కల వరి పొలాలు చేపల చెరువులయ్యాయి, తాటాకు పాకలు స్లాబులయ్యాయి, పాటకు కీబోర్డు వచ్చింది. వీటిలో దేనికీ నేను అడ్డు చెప్పను. సమాధానపడడం మాత్రం వదులుకోవద్దు. అజరయ్యగారిని గౌరవించాలంటే దండ వేస్తే చాలదు. వచ్చే సంస్కారపు ఆదివారం లోపు, మీరు మాట్లాడడం మానేసిన ఇంటికి ముందు మీరే వెళ్లండి. సంఘపెద్దలారా, వరుసలో మొదట మీరు నడవండి.