సీడ్ పత్తి చేలో ఐదో తరగతి



గద్వాల, నంద్యాల వైపు విత్తనం కోసం సీడ్ పత్తి వేసే ఊళ్లలో ఈ మాటలు వింటున్నవాళ్లుంటే, ఇవి ముందుగా మీకే. మిగతావాళ్లూ వినండి. మీకు పత్తి చేను లేకపోవచ్చు గానీ ఆడపిల్లను బడి మాన్పించి పనికి పంపే ఆనవాయితీ మీ ఇంట్లోనూ ఉండొచ్చు.

సీడ్ పత్తిలో చేత్తో పుప్పొడి రుద్దే క్రాసింగ్ పని చూడనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ముందురోజు మధ్యాహ్నం నుంచే వెతికి పట్టుకోవాలి. రేకులు ఒలిచి, లోపలి పుప్పొడి తిత్తుల్ని గోటితో గీరెయ్యాలి, నడిమి కాడ మాత్రం విరక్కూడదు. గుర్తుకు ఎర్ర కాగితం పెడతారు. తెల్లవారాక మగ మొక్కల పూలు కోసుకొచ్చి, ఆ మొగ్గలకు ఒక్కొక్కదానికీ రుద్దాలి. ఇలా సాలు వెంట సాలు, రోజూ, రెండు మూడు నెలలు. బడులు తెరిచిన కొద్ది వారాలకే ఈ పని మొదలవుతుంది.

దీనికి ఆడపిల్లలే కావాలంటారు. వాళ్ల వేళ్లు సన్నం, మొగ్గ పాడవదట. ఇంకో కారణం గొంతు తగ్గించి చెబుతారు. ముట్టయ్యే ఆడవాళ్లు విత్తన చేలో అడుగు పెడితే మంచిది కాదు, అందుకే పెద్దమనిషి కాని పిల్లలు కావాలని. అంటే ఐదు, ఆరు, ఏడు తరగతుల్లో కూర్చోవాల్సిన పిల్లలు. పెద్దమనిషి కాకముందు మడి పేరు చెప్పి చేలోకి తోలుతాం, అయ్యాక పరువు పేరు చెప్పి బడి మాన్పిస్తాం. మరి ఆ పిల్ల చదువుకునేదెప్పుడు? సన్నని వేళ్ల మాట కూడా నేను నమ్మను. పెద్ద ఆడవాళ్లు క్రాసింగ్ చేసిన చేలల్లోనూ కాయ పడుతూనే ఉంది. పిల్లకైతే కూలి తక్కువ, ఎదురు మాట్లాడదు. అసలు లెక్క అదీ.

పేదరికం అంటారు. ఉంది, కాదనను. విత్తన కంపెనీ ఆర్గనైజర్ దగ్గర రైతుకు అడ్వాన్సు, రైతు దగ్గర కూలివాళ్లకు అడ్వాన్సు, ఆ బాకీ తీరేది పిల్ల రెక్కల మీద. కానీ చాలా ఇళ్లలో అదే సీజన్లో కొడుకు టై కట్టుకుని ఇంగ్లీషు మీడియం బడి వ్యాను ఎక్కుతాడు. ఇల్లు ఒకటే, అప్పూ ఒకటే. ఇద్దరిలో ఎవరు బడి మానాలో తేల్చింది అప్పు కాదు. "ఆడపిల్ల కదా, దాని పెళ్లికి అదే నాలుగు రూపాయలు వెనకేసుకుంటుంది" అనే మాట.

చట్టం సంగతి. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించి, పద్నాలుగేళ్లు నిండని పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరమన్నారు. అయితే ప్రమాదం లేని సొంత కుటుంబ పనిలో, బడి అయ్యాకో సెలవుల్లోనో సాయపడొచ్చని వెసులుబాటు ఇచ్చారు. ఆ కుటుంబంలో మేనత్త, మేనమామ, పిన్ని, బాబాయి కూడా చేరతారు. ఇక తనిఖీకి ఎవరొచ్చినా "మా అక్క కూతురేనండీ" అంటే సరిపోతోంది. నా మట్టుకు ఆ సవరణలో ఇది పెద్ద కన్నం. అదలా ఉంచినా, పత్తి పువ్వు బడి అయ్యేదాకా ఆగదు. పుప్పొడి రుద్దాల్సింది పొద్దున, సరిగ్గా తరగతులు నడిచే వేళ. మందు కొట్టిన చేలో నిలబడటం ప్రమాదం లేని పని ఎలా అవుతుందో కూడా నాకు అర్థం కాదు.

రంగారెడ్డి జిల్లాలో బాలల హక్కుల కోసం పనిచేసే శాంతా సిన్హా గారు, ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు 1991 నుంచి వేరే లెక్క పెట్టుకున్నారు. బడిలో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలే. కూలికి పోయినా సరే, ఇంట్లో చంటివాణ్ణి చంకనేసుకున్నా సరే. ఒక్కో తల్లినీ తప్పుపట్టే బదులు ఊరి చేతే "మన పిల్లలు పనికి పోరు" అనిపించారు. ఊరంతా అనుకున్నాక ఇంటి పెద్దకు జంకు పోతుంది. 2003లో సిన్హా గారికి మెగసెసే అవార్డు వచ్చింది.

తాతయ్యలూ, నాయనమ్మలూ, "మేం చెయ్యలేదా, చెడిపోయామా" అంటారు మీరు. మీ కాలంలో చదువు లేకపోయినా రోజులు వెళ్లాయి. ఇవాళ చిన్న సర్కారు కొలువుకైనా పది పాసయ్యావా అని అడుగుతున్నారు.

ఆదివారం అమ్మతో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. అంట్లు కూతురు తోమితే నీళ్లు కొడుకును పట్టమనండి. మూడేళ్లు నిండిన పిల్లను అంగన్‌వాడీకి పంపితే, దాన్ని చూసుకునే పని తప్పి పెద్దదానికి బడి మిగులుతుంది. ఇప్పటికే చదువు ఆగిపోయిన పిల్ల ఉంటే మీకు దగ్గర్లోని కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో అడగండి. అక్కడ తిండీ బసా ఉచితం. టీచర్లూ, క్రాసింగ్ నెలల్లో మీ హాజరు పట్టీలో వరసగా ఖాళీ గళ్లు కనిపిస్తే ఆ ఇంటికి ఒకసారి వెళ్లిరండి. పిల్ల కష్టం కళ్లబడి, ఎవరికి చెప్పాలో తెలియకపోతే 1098కి ఫోన్ చేయండి. ఆ ఫోన్‌కు డబ్బులు పడవు.