పరిశోధన ఏ పద్దు కింద?

విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం



ఉన్నత పరిశోధన గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు మమ్మల్ని కోరారు. మేము శాస్త్రవేత్తలం కాము. ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాగిరీ చేసి, ఫైళ్ళ మధ్య తల నెరిసినవాళ్ళం. ఆ కొలువు మాకొక అలవాటును మిగిల్చింది. ఏ కాగితం చేతికి వచ్చినా, అందులోని వర్ణనల కన్నా ముందు ఖర్చు ఏ పద్దు కింద రాశారో చూస్తాము. పని పేరు ఒకటి, పద్దు పేరు మరొకటి అయిన ఫైళ్ళు మాకు కొత్త కావు. విశ్వవిద్యాలయాలలో జరిగే పరిశోధనను కూడా ఆ చూపుతో పరిశీలించవచ్చునని ఈ పూట మనవి చేయదలిచాము. డబ్బు ఎవరిది, ఏ ప్రయోజనం ఆశించి ఇచ్చారు, ఫలితం ఎవరికి చేరింది, ఎవరికి చేరలేదు అని అడగడాన్నే పండితులు రాజకీయ అర్థశాస్త్రం అంటారు.

భూమి పైపొర కొన్ని పెద్ద ఫలకాలుగా ఉన్నదనీ, అవి ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున కదులుతున్నాయనీ మన పిల్లలు హైస్కూలులోనే చదువుతున్నారు. ఖండాలు కదులుతాయని జర్మన్ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ 1912లోనే చెప్పారు. దాదాపు అర్ధశతాబ్దం పాటు పండితులలో అత్యధికులు ఆ మాటను తోసిపుచ్చారు. 1960ల ఆఖరుకు వచ్చేసరికి కొద్ది సంవత్సరాల వ్యవధిలోనే అభిప్రాయం తారుమారైంది. అంత సాక్ష్యం ఒక్కసారిగా ఎక్కడినుంచి వచ్చింది? అందులో చాలా భాగం యుద్ధ పద్దు నుంచి వచ్చింది.

అణ్వస్త్ర పరీక్షలను నిషేధించాలన్న చర్చ 1958లో జెనీవాలో నిపుణుల స్థాయిలో సాగింది. అక్కడ ఒక చిక్కు ఎదురైంది. భూగర్భంలో బాంబు పేల్చితే నేల కంపిస్తుంది, భూకంపం వచ్చినా కంపిస్తుంది. దూరాన ఉన్నవాడు ఈ రెంటినీ వేరు చేసి చెప్పగలడా? అప్పట్లో ప్రపంచంలోని భూకంపలేఖినులు ఒక్కో దేశంలో ఒక్కో రకం. ఒకదాని కొలత మరొకదానితో పొసగేది కాదు. అమెరికా రక్షణ శాఖ 'వేలా యూనిఫామ్' అనే పథకం కింద నిధులు కుమ్మరించింది. 1960లలో సుమారు 60 దేశాలలో 120 వరకు కేంద్రాలు వెలిశాయి. అన్నింటా ఒకే రకం పరికరం, ఒకే కొలమానం. మన దేశంలో షిల్లాంగ్, కొడైకెనాల్ వంటి చోట్ల కూడా వాటిని నెలకొల్పారు.

ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. ఆ కేంద్రాల రికార్డులను దాచిపెట్టలేదు, ఏ దేశపు పరిశోధకుడు కోరినా ప్రతులు ఇచ్చారు. వాటి ఆధారంతోనే కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన ఐజాక్స్, ఆలివర్, సైక్స్ 1968లో ప్రకటించిన వ్యాసం ఫలకాల సిద్ధాంతానికి భూకంపాల నుంచి గట్టి రుజువును సమకూర్చింది. బాంబుల కోసం పెట్టిన చెవి భూమి గుండె చప్పుడును వినిపించింది.

సముద్రం కథ కూడా ఇటువంటిదే, కానీ అక్కడ అంత ఉదారత లేదు. జలాంతర్గాములను పసిగట్టేందుకు రెండవ ప్రపంచ యుద్ధంలో మెరుగుపరచిన మాగ్నెటోమీటర్లనే తరువాత ఓడల వెనుక కట్టి లాగి, సముద్రగర్భ శిలలలోని అయస్కాంత చారలను కనుగొన్నారు. మేరీ థార్ప్ అనే విదుషీమణి అట్లాంటిక్ లోతుల కొలతలను కాగితం మీద పేర్చి, నడిసముద్రంలోని పర్వతశ్రేణి వెంబడి ఒక చీలిక లోయ ఉన్నదని చూపారు. తోటి శాస్త్రజ్ఞుడే మొదట దాన్ని ఆడపిల్లల మాట అని కొట్టిపారేశారు. ఏళ్ళ తరబడి ఆమెను పరిశోధక నౌక ఎక్కనివ్వలేదు. లోతుల అంకెలతో కూడిన పటాలు సైనిక రహస్యం కావడంతో, ఆమె, బ్రూస్ హీజెన్ కలిసి అంకెలు లేకుండా కొండలు లోయలు కనిపించే బొమ్మగా ఆ పటాన్ని గీసి 1957లో వెలువరించారు. ఇక్కడ కూర్చున్న ఆడపిల్లలు ఆమె పేరు గుర్తుపెట్టుకోవాలని మా కోరిక.

ఇంతకీ ఆ భూకంపలేఖినులు ఎవరి బాంబుల కోసం చెవి ఒగ్గాయి? ముఖ్యంగా సోవియట్ బాంబుల కోసం. ఆ బాంబులలో అధిక భాగం పేలింది కజకిస్తాన్‌లోని సెమిపలాతిన్‌స్క్ పరీక్షాస్థలిలో. సుమారు 18 వేల చదరపు కిలోమీటర్ల గడ్డినేల అది. కజఖ్ సాహిత్యానికి పితామహుడనదగిన కవి అబాయ్ జన్మించిన సీమ దాని పొరుగునే ఉన్నది. గొర్రెలు, గుర్రాలు మేపుకొని బతికే ముస్లిం పల్లెలు చుట్టూ ఉన్నాయి. మనుషులు లేని చోటు అన్న లెక్కన దాన్ని ఎంచుకున్నారు. 1949 ఆగస్టు 29న మొదటి బాంబు పేలింది. 1989 వరకు మొత్తం 456 పరీక్షలు జరిగాయి. వాటిలో వందకు పైగా నేలమీద, గాలిలో బహిరంగంగా జరిగినవే.

1957లో సెమిపలాతిన్‌స్క్ పట్టణంలో ఒక వైద్యశాల తెరిచారు. దాని పేరు బ్రూసెల్లోసిస్ నివారణ డిస్పెన్సరీ నంబరు 4. బ్రూసెల్లోసిస్ అంటే పశువుల నుంచి మనుషులకు సోకే జ్వరం. పశువుల కాపరుల సీమలో అటువంటి బోర్డును ఎవరు శంకిస్తారు? లోపల జరిగింది వేరు. అణుధార్మికత ఆ పల్లెవాసుల శరీరాలను ఏమి చేస్తున్నదో గమనించి, కొలిచి, నమోదు చేయడమే దాని అసలు పని. ఆ నివేదికలు రహస్యంగా పైకి వెళ్ళాయి. ఎవరి రక్తం పరీక్షించారో ఆ మనిషికి మాత్రం తన జబ్బు పేరు చెప్పలేదు. బోర్డు ఒకటి, పద్దు మరొకటి అని మేము మొదట అన్నది ఇందుకే.

ఈ రెండు దృశ్యాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. వేల మైళ్ళ దూరాన ఉన్న యంత్రం ఆ నేల ఎంత కంపించిందో లెక్క కట్టగలిగింది. ఆ నేల మీది తల్లి తన బిడ్డ ఎందుకు జబ్బున పడ్డాడో తెలుసుకోలేకపోయింది. ఇందులో శాస్త్రం చేతకానితనం ఏమీ లేదు. మొదటి ప్రశ్నకు డబ్బు ఉన్నది, రెండవ ప్రశ్నకు జవాబు పాలకులకు మాత్రమే కావలసి వచ్చింది. 1963 నాటి పాక్షిక నిషేధ ఒప్పందం సైతం భూగర్భ పరీక్షలను మినహాయించింది. ఫలితంగా ఆ నేల మరో పాతికేళ్ళు అదురుతూనే ఉన్నది.

ఆ పరిస్థితి మారిన తీరు కూడా ఆలోచింపదగినదే. 1986లో అమెరికాకు చెందిన ఒక ప్రైవేటు పర్యావరణ సంస్థ సోవియట్ సైన్సు అకాడమీతో ఒప్పందం చేసుకొని, పరీక్షాస్థలికి అంత దూరం కాని కర్కరాలిన్‌స్క్ దగ్గర అమెరికన్ శాస్త్రవేత్తల చేత భూకంపలేఖినులు పెట్టించింది. అసాధ్యమని ప్రభుత్వాలు చెప్పుకుంటూ వచ్చిన తనిఖీ, పద్దు మారగానే సాధ్యపడింది. 1989లో కవి ఓల్జాస్ సులేమెనోవ్ పిలుపుపై కజఖ్ ప్రజలు నెవాడా–సెమిపలాతిన్‌స్క్ ఉద్యమంగా వీధుల్లోకి వచ్చారు. 1991 ఆగస్టు 29న, మొదటి బాంబు పేలిన తేదీనాడే, ఆ స్థలిని మూసివేశారు.

సైనిక నిధులు విజ్ఞానాన్ని చెరుపుతాయని కొందరు, డబ్బు ఎవరిదైతేనేమి సత్యం సత్యమేనని మరికొందరు వాదిస్తారు. ఈ రెండు వాదాలూ మాకు తృప్తినివ్వవు. చరిత్రకారిణి నయోమీ ఒరెస్కెస్ 2021లో ప్రచురించిన గ్రంథంలో, అమెరికా నౌకాదళపు డబ్బు సముద్ర విజ్ఞానాన్ని ఎంత పెంచిందో, సముద్రాన్ని ప్రాణుల నివాసంగా చూసే ప్రశ్నలను ఎంత వెనక్కు నెట్టిందో రెండూ చూపారు. వచ్చిన జవాబులు నిజమైనవే. అడగని ప్రశ్నల జాబితాను మాత్రం ఎవరూ అచ్చు వేయరు.

ఇక మన సంగతి. ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన, పారశీ విద్యార్థులు పరిశోధన చేసేందుకు కేంద్ర ప్రభుత్వం 2009లో మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను ఆరంభించింది. 2022 డిసెంబరులో దాన్ని నిలిపివేస్తున్నట్లు లోక్‌సభలో ప్రకటించారు. ఇతర ఫెలోషిప్పులు ఇదే అవసరం తీరుస్తున్నాయన్నది చెప్పిన కారణం. ఆ కారణాన్ని మేము అంగీకరించము. ఒక పద్దు మూసివేసినప్పుడు ఆ కొద్ది సొమ్ముతో పాటు, దాని ఆసరాతో ప్రయోగశాల గడప తొక్కగలిగిన పిల్లల ప్రశ్నలు కూడా ఆగిపోతాయి. మన బస్తీల బోర్ల నీటిలో ఏమున్నది, నేత మగ్గాల మీద, గ్యారేజీలలో పనిచేసేవారి ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి అని అడగడానికి బయటినుంచి ఎవరో రావాలని ఎంతకాలం ఎదురుచూస్తాము? ఫెలోషిప్ పునరుద్ధరణ కోసం వినతిపత్రాలు పంపుతూనే ఉందాం.

అంతవరకు ఉన్న దారిని వదలరాదు. సి.ఎస్.ఐ.ఆర్. నెట్ పరీక్షలోని ఐదు సబ్జెక్టులలో భూవిజ్ఞానం ఒకటి. అందులో జె.ఆర్.ఎఫ్. సాధించినవారికి నెలనెలా భృతి వస్తుంది. అదే సి.ఎస్.ఐ.ఆర్. కింద 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ హైదరాబాదులో, ఉప్పల్ రోడ్డు మీదనే ఉన్నది. ఎమ్మెస్సీ అంటే కెమిస్ట్రీయే అనుకునే తల్లిదండ్రులు దీన్ని కూడా ఆలోచించాలి. సభ ముగిశాక మేము పక్క గదిలో కూర్చుంటాము. దరఖాస్తు నింపడం, ధ్రువపత్రాలు జతపరచడం మాకు తెలిసిన పని. సర్టిఫికెట్ల జిరాక్సులు తెచ్చుకున్నవారు ముందుగా రండి.