ఇల్లు మోసే పని

(సేవాలాల్ మహరాజ్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాట్లాడమని సంఘం పెద్దలు పిలిచినప్పుడు మేము ముందు వద్దన్నాం. ఈ వేదిక మీద ఏటా గ్రూప్స్ కొట్టినవాళ్లు, డాక్టర్లు, బ్యాంకు ఆఫీసర్లు మాట్లాడతారు. మేము ప్యాకర్స్ అండ్ మూవర్స్ కంపెనీలో పనిచేస్తాం. ఒకరి ఇల్లు సర్ది, మూటగట్టి, బండికెక్కించి, ఇంకోచోట దించి వస్తాం. మాలో ఒకడికి మాత్రం బీకాం డిగ్రీ ఉంది, కానీ వాడు చెప్పుకోడు. మైకు ముందు ఒక్కరమే నిలబడ్డా ఈ మాటలు ఏడుగురివి. మొన్న రాత్రి మియాపూర్ నుంచి ఖాళీ బండిలో వస్తూ అందరం కలిసి అనుకున్నవి.

మాది దేవరకొండ వైపు తాండా. వాన సరిగ్గా పడితే పత్తి, పడకపోతే హైదరాబాద్. మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా వచ్చే బస్సు దిగి, సాగర్ రింగు రోడ్డు దగ్గర ఒక గదిలో ఆరుగురం, పక్క గదిలో అక్కా బావా. ముందు ఇసుక లారీల మీద, తర్వాత ఆటో ట్రాలీల మీద, ఆ తర్వాత ఈ కంపెనీ. ఇంటికి ఫోన్ చేస్తే "లాజిస్టిక్స్ కంపెనీ" అని చెప్పేవాళ్లం. ఆ మాట యాడీకి అర్థం కాదు కాబట్టి మాకు హాయి. పెళ్లి సంబంధానికి వెళ్లినా అదే మాట. అబద్ధం కాదు గానీ, దాచడమే.

దాచడానికి కారణం ఉంది. చాలా అపార్ట్‌మెంట్లలో మమ్మల్ని మనుషుల లిఫ్టు ఎక్కనివ్వరు. సర్వీసు లిఫ్టు లేకపోతే మెట్లే. బరువు మోసేవాడికి లిఫ్టు వద్దట, ఉత్త చేతులతో వెళ్లేవాడికి కావాలట. ఆ లెక్క మాకు ఇప్పటికీ తెగలేదు. మంచినీళ్లు అడిగితే బయట గుమ్మం దగ్గర ప్లాస్టిక్ గ్లాసులో ఇస్తారు. అందరూ అలా ఉండరు. బిర్యానీ తెప్పించి పక్కన కూర్చోబెట్టుకుని తినిపించిన ఇళ్లు కూడా ఉన్నాయి. కానీ ఆ గ్లాసు గుర్తున్నట్టు బిర్యానీ గుర్తుండదు.

ఈ పనిలో బలం సగమే అని తెలియడానికి మాకు ఏడాది పట్టింది. పళ్లేలు పడుకోబెట్టి పేరిస్తే కింది వాటికి పగుళ్లు వస్తాయి. ఒక్కోదానికి కాగితం చుట్టి నిలబెట్టి పెట్టాలి. పుస్తకాలు పెద్ద డబ్బాలో నింపితే ఎత్తలేం, ఎత్తినా అడుగు ఊడిపోతుంది. ఫ్రిజ్‌ను నిలబెట్టే తీసుకెళ్లాలి. తప్పనిసరై పడుకోబెడితే, దించాక కొన్ని గంటలు నిలబెట్టి ఉంచి అప్పుడు స్విచ్ వేయాలి, కంప్రెసర్‌లోని ఆయిల్ పైపుల్లోకి పోయి ఉంటుంది కాబట్టి. ముందు వైపు తలుపుండే వాషింగ్ మెషీన్‌కు వెనక బోల్టులు బిగించకుండా కదిలిస్తే లోపలి డ్రమ్ము ఊగి దెబ్బతింటుంది. ఆ బోల్టులేమో పార్టీ ఎప్పుడో పారేసి ఉంటుంది. మా లైన్‌లో కస్టమర్‌ను పార్టీ అంటాం. మంచం విప్పాక స్క్రూలు కవర్లో వేసి ఆ మంచం పట్టీకే టేపుతో అంటించాలి, లేదంటే ఆ రాత్రి పార్టీ నేల మీద పడుకుంటుంది. గ్యాస్ సిలిండర్ మాత్రం ఎంత బతిమాలినా ఎక్కించం.

వంటిల్లు మా అక్కది. మిగతా డబ్బాల మీద మేము గది పేరు రాస్తాం. ఆమె మాత్రం ఒక డబ్బా మీద "మొదటి రోజు టీ" అని రాయిస్తుంది. అందులో లైటరు, చిన్న గిన్నె, చక్కెర, టీ పొడి, వడగట్టే జల్లెడ, నాలుగు గ్లాసులు. దాన్ని చివర ఎక్కించి ముందు దించుతాం. అది ఎవరూ నేర్పింది కాదు. అలసిపోయిన ఇంట్లో ముందు ఏం కావాలో ఆమెకు తెలుసు.

మా పంచాంగం కూడా వేరు. ఆషాఢంలో ఇల్లు మారేవాళ్లు తక్కువ, పుష్యంలోనూ అంతే. మంగళవారం ఇల్లు ఖాళీ చేయరు. నెలాఖరు వస్తే రెండు రోజులు నిద్ర ఉండదు. శ్రావణం పుట్టిందా, ఆషాఢంలో ఆగినవాళ్లంతా ఒక్కసారి ఫోన్ చేస్తారు. మన తీజ్ కూడా అప్పుడే కదా! తొమ్మిది రోజులూ తాండాలో ఉండి ఎన్నేళ్లయిందో. ఇప్పుడు రెండు జట్లుగా విడిపోయి వెళ్తున్నాం. సగం మంది మొలకలు చల్లే రోజుకు, సగం మంది నిమజ్జనానికి.

ఇక అసలు సంగతి. మూడేళ్ల కింద, కూకట్‌పల్లి వైపు ఒక ఇల్లు. సామాను దించి, మంచాలు బిగించి, టీవీ గోడకు పెట్టాక ఇంటావిడ బంగారు గొలుసు కనబడటం లేదంది. ఇంటాయన మమ్మల్ని వరుసగా నిలబెట్టి ముందు "ఏ ఊరు?" అన్నాడు. నల్గొండ వైపు అన్నాం. "తాండానా?" అన్నాడు. ఆ తర్వాత ఇంకేం అడగలేదు. గేటు వేయించాడు. చొక్కాలు విప్పించి జేబులు చూశారు. మాలో అందరికన్నా చిన్నవాడికి అప్పుడు పంతొమ్మిదేళ్లు. వాడి దండకు యాడీ కట్టిన తాయెత్తు ఉంది. దాన్ని కూడా విప్పి, లోపల ఏముందో చూశారు. కంపెనీకి ఫోన్ చేస్తే అటునుంచి వచ్చిన మొదటి మాట: "తీసుంటే ఇచ్చేయండి, గొడవ వద్దు." మెట్ల మీద మూడు గంటలు కూర్చున్నాం.

సాయంత్రం వాళ్ల ముసలమ్మ గుడి నుంచి వచ్చింది. సామాను సర్దే గొడవలో పోతుందేమోనని గొలుసును తనే బియ్యం డబ్బాలో దాచిందట. తీసి చూపించింది. ఆమె ఒక్కతే మాకు దండం పెట్టింది. ఇంటాయన 500 రూపాయలు టీకి ఉంచుకోమని ఇచ్చాడు. మేము తీసుకున్నాం. తీసుకోకుండా ఉండాల్సిందని మాలో సగం మంది ఇప్పటికీ అంటారు. ఆ పూట రెండో ట్రిప్పు పోయింది కదా, అది మన కూలే అని మిగతా సగం అంటారు. ఈ తగువు తీరలేదు.

చిన్నవాడు ఆ రాత్రే గది ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఆ వేళ ఎనిమిది మందిమి, అప్పటి నుంచి ఏడుగురం.

ఆ ఏడు తీజ్‌కు తాండాకు వెళ్లి పెద్దవాళ్ల ముందు ఇదంతా చెప్పాం. లాజిస్టిక్స్ అన్న మాట ఆ రోజుతో పోయింది. కట్టె పట్టుకుని కూర్చున్న ఒక తాత అంతా విని, "అంటే లదేణి చేస్తున్నారన్నమాట" అన్నాడు. లదేణి అంటే మాకు వినడమే తెలుసు. ఎద్దుల మీద గోనెలు వేసి, ఉప్పు, ధాన్యం దేశం ఈ కొస నుంచి ఆ కొసకు మోసిన పని. "ఊరి ధాన్యం, రాజుల ధాన్యం మన ఎద్దుల మీద పోయేది. నమ్మకపోతే ఎక్కిస్తారా?" అన్నాడు. ఇంకేమీ అనలేదు, చుట్ట వెలిగించుకున్నాడు.

బీకాం వాడికి అది పట్టుకుంది. లైబ్రరీలో కూర్చుని చదివొచ్చి రోజూ బండిలో చెప్పేవాడు. 17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే, పది పన్నెండు వేల ఎద్దులు ఒకే బిడారుగా బియ్యం, ధాన్యం, ఉప్పు మోసుకుపోవడం వింతగా చూసి రాశాడు. దక్కన్‌లో తిరిగిన సైన్యాలకు తిండి చేర్చింది కూడా మనవాళ్లే. లంబాడా అన్న మాట లవణం నుంచే వచ్చిందని చెప్పేవాళ్లున్నారు. తర్వాత రోడ్లు పడ్డాయి, రైళ్లు వచ్చాయి. వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు 1874లో వచ్చింది. వ్యాగన్ ముందు ఎద్దు ఏం నిలుస్తుంది? పని పోయినా తిరుగుడు మిగిలింది. ఊరూరా తిరిగేవాళ్లంటే పాలకులకు అనుమానం. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం కింద మనవాళ్లను చాలాచోట్ల పుట్టుకతోనే దొంగలుగా రాసుకున్నారు. ఆ చట్టం రద్దయింది 1952లో. అంటే కూకట్‌పల్లిలో మమ్మల్ని "తాండానా?" అని అడిగిన ఆయన పుట్టకముందే. ఆయన ఆ చట్టం పేరు విని ఉండడు. అయినా ప్రశ్న ఆయన నోట్లో సిద్ధంగా ఉంది.

ఇక్కడ తమ్ముళ్లకు ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. తాతల పేరు చెప్పుకుంటే బీరువా తేలికవదు. వాళ్లు ఎద్దులకు యజమానులు, చాలాసార్లు సరుకు కూడా వాళ్లదే. మేము కూలికి పోయేవాళ్లం. ఈ తేడా దాచిపెట్టి గర్వపడమని మేము చెప్పం. బంజారాహిల్స్ పేరు మనది, అక్కడ మేము ఎక్కేది సర్వీసు లిఫ్టు.

అయితే ఆ తాత మాటలో మాకు దొరికింది నమ్మకం అన్న ముక్క. దాన్ని పనిలో పెట్టాం. ఇప్పుడు మేము ఏ ఇంట్లోకి వెళ్లినా సామాను ముట్టుకోకముందే పార్టీని కూర్చోబెట్టి చెబుతాం: బంగారం, డబ్బు, కాగితాలు మీ దగ్గరే, మీ కారులోనే. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఏమైనా దాచారేమో అడగండి. చివరి మాట మా అక్క చేర్చింది. ప్రతి డబ్బాకు నంబరు, రెండు ప్రతుల్లో జాబితా, సంతకం, ఫోన్లో ఫోటో. దించేటప్పుడు పార్టీ చేతనే నంబర్లు చదివిస్తాం. మొదట్లో కంపెనీలో మిగతా జట్లు నవ్వాయి, టైమ్ దండగ అన్నాయి. ఏడాది తిరగకముందే కంపెనీ అన్ని బండ్లకూ అదే పుస్తకం అచ్చు వేయించింది. మా పేరు వేయలేదు లెండి.

ఈఎస్ఐ సంగతి కూడా అప్పుడే పట్టుకున్నాం. మాలో ఒకరికి నాలుగో అంతస్తు నుంచి సోఫా దించుతుంటే నడుము పట్టేసి రెండు నెలలు మంచం మీద ఉన్నాడు. ఖర్చంతా అప్పే. పది మంది, అంతకు మించి పనిచేసే చోట, నెలకు 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకు ఈఎస్ఐ ఉండాలని బీకాం వాడే చదివి చెప్పాడు. అడిగాం. నాలుగు నెలలు నాన్చారు. ముందు నిలబడి అడిగిన ఇద్దరికి ఒక వారం డ్యూటీ వేయలేదు. చివరికి కార్డులు వచ్చాయి. నడుము పోయినవాడు ఇప్పుడు డ్రైవర్. మీలో ఎవరైనా ఇలాంటి పనిలో చేరితే జీతం ఎంతని అడిగిన నోటితోనే ఈ కార్డు సంగతి అడగండి.

పోయిన చలికాలం ఒక ఇల్లు మార్చాం. పెద్దావిడ, ఒంటరిది. నలభై ఏళ్లున్న ఇల్లు అమ్మేసి కొడుకు ఫ్లాట్‌కు వెళ్తోంది. ఆయన పోయి ఏడాది కాలేదట. పొద్దున్నుంచి ఏ గదిలో ఏది తీస్తే ఆ గదిలోకి వచ్చి నిలబడేది. ఆయన కూర్చునే పడక కుర్చీ దగ్గర మాత్రం, "దాన్ని చివర్లో తీయండి నాయనా" అంది. చివర్లోనే తీశాం. పూజ గది సర్దే ముందు అక్క ఫోటో తీసుకుంది. ఉప్పు, పసుపు ముందు ఇంట్లోకి వెళ్లాలని ఆవిడే ఒడిలో పెట్టుకుని కారులో వచ్చింది. కొత్త ఇంట్లో మేము ఫోటో చూసి దేవుళ్లను అదే వరుసలో, అదే ఎడంతో పెట్టాం. కుర్చీని కిటికీ వైపు తిప్పి వేశాం, పాత ఇంట్లో అలాగే ఉండేది. ఆవిడ లోపలికొచ్చి చూసి, ఏమీ అనకుండా దీపం వెలిగించింది. తర్వాత ఆ ఉప్పులోంచే తీసి వంట చేసి మాకు పెట్టింది, స్టీలు కంచాల్లో. ఆ రోజు తిరిగొస్తూ బండిలో ఎవరమూ ఫోన్ చూసుకోలేదు.

చదువు మానేసి రమ్మని మేము ఎవరికీ చెప్పడం లేదు. చదవండి, గ్రూప్స్ కొట్టండి, మీ బదిలీలకు మేమే వస్తాం. కానీ చదువు మధ్యలో ఆగినవాళ్లు, ఉద్యోగం రానివాళ్లు ఈ సభకు రావడానికి సిగ్గుపడి తాండాలోనే ఉండిపోయారు. మేమూ మూడేళ్లు అలాగే రాలేదు. ఈ మాటలు వాళ్లకు చేర్చండి.

మొన్న దసరాకు మాలో ముగ్గురు కలిసి ఫైనాన్సులో ఒక పాత డీసీఎం కొన్నాం. ఇంకా ముప్పై నాలుగు కిస్తులున్నాయి. కంపెనీ పని కంపెనీకే, ఆదివారాలు మా బండి మాకు. వెనక డాలా మీద ఏం రాయించాలని వారం కొట్టుకుని, చివరికి పసుపు రంగులో "లదేణి" అని రాయించాం. రోడ్డు మీద చాలామంది అది ఇంటి పేరనుకుంటున్నారు.

రేపు పొద్దున ఐదున్నరకు నిజాంపేటలో లోడింగ్ ఉంది. మూడో అంతస్తు, లిఫ్టు పనిచేయడం లేదట. క్యాబిన్‌లో డ్రైవర్ పక్కన ఒక సీటు ఖాళీగా ఉంచాం. అది ఎవరిదో ఇక్కడ కూర్చున్నవాళ్లలో కొందరికి తెలుసు. మా ఫోన్ ఎత్తడం లేదు. మీకు కనబడితే బండి మనదేనని చెప్పండి.

రామ్ రామ్.